మామ టేబుల్లో ఎర్రచందనం

మా ఎదురింటి చిన్నాయన ఆదివారం పొద్దున్నే టేబుల్ కింద పండుకోని పైకి టార్చి కొడతా ఉండాడు. తిరుపతి బైరాగిపట్టెడలో ఇండ్లు ఎంత దగ్గరో తెలిసిందే, నేను వినాలని వినలేదు... సరే, విన్నా.

చిన్నమ్మ: ఏందయ్యా, టేబుల్ కింద దూరినావు? నేనింకా ఏమీ అనలేదే?

చిన్నాయన: మెల్లిగా మాట్లాడుమే. మీ నాయనిచ్చిన ఈ టేబులు మామూలుది కాదు. నూరేండ్లు దాటిందా, యాంటిక్కే ఇంగ, 1972లోనే చట్టం చేసినారు.

చిన్నమ్మ: నీతో కాపురం చేసి నాకూ నూరేండ్లు దాటినట్టే ఉండాది. నాకెంతిస్తారంట?

చిన్నాయన: ఈ సొరుగు చూడు. మూలల్లో పండ్లు పండ్లుగా కోసి ఇరికించినారే, అన్నీ ఒకే సైజులో ఉంటే మిషను కోత, ఇట్ల ఒకటి లావు ఒకటి సన్నం ఉంటే చేత్తో కోసింది. చేతిపనికే రేటు.

చిన్నమ్మ: వంకర పండ్లకే రేటంటే నువ్వే పోయి నోరు తెరుచుకోని కూర్చోరాదా అంగట్లో.

చిన్నాయన: పాలిష్ కూడా పట్టించగూడదంట, పాత రంగు పోతే విలువ పోతాదంట.

చిన్నమ్మ: ఓహో, అందుకేనా ఇన్నేండ్లు ఒక్క దినం గుడ్డ పెట్టి తుడిచిన పాపాన పోలేదు! మరి ఆ కాలికాడ ప్లస్ గుర్తు స్క్రూ ఉండాదే?

చిన్నాయన: ఆ రకం 1930ల్లో గదా వచ్చింది, మధ్యలో ఎవడో రిపేరు చేసుంటాడు.

చిన్నమ్మ: ఎవడో ఏంది, నువ్వే. పాప బారసాల దినం కాలు ఊడిపోయి పాయసం గిన్నె నీ ఒళ్ళో పడలా?

చిన్నాయన: (గొంతు తగ్గించి) అదంతా వదిలెయ్. అడుగున తడి దూదితో రుద్దితే ఎర్రగా వచ్చిందిమే. ఎర్రగా! ఇది ఎర్రచందనం.

చిన్నమ్మ: (వీధంతా వినపడేట్టు) ఎర్రచందనమా!

చిన్నాయన: అరవబాక తల్లీ! ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్సు వాళ్ళుండేది ఈ ఊర్లోనే!

చిన్నమ్మ: మా నాయన దామలచెరువు మామిడికాయల మండీలో లెక్కలు రాసినోడయ్యా, శేషాచలం కొండల్లో దుంగలు మోసినోడు కాదు. ఏదీ, వాసనొస్తా ఉండాదా?

చిన్నాయన: వాసన శ్రీగంధానికి, ఎర్రచందనానికి రాదు. రాలేదు గాబట్టే ఇది అదే.

చిన్నమ్మ: మన గడపకీ వాసన రాదు, నా చపాతీ పీటకీ రాదు. ఇల్లంతా ఎర్రచందనమే ఇంగ!

చిన్నాయన: ఎగతాళి చెయ్యబాక. నీళ్ళల్లో వేస్తే మునుగుతాది, అదీ అసలు పరీక్ష.

చిన్నమ్మ: అయితే పా, నెత్తిన పెట్టుకో, కపిలతీర్థంలో ముంచేసి గోవిందా కొట్టి వస్తాం. సరే, అమ్మితే వచ్చేది దుడ్డా, జైలా?

చిన్నాయన: ముందు దుడ్డు... తర్వాత జైలు.

చిన్నమ్మ: దుడ్డు నా చేతికిచ్చి నువ్వు పో. క్యారియర్ పంపిస్తాలే, పప్పుపులుసు ఉంటాది.

(పంపిస్తాది కూడా. నెల్లో పది దినాలు అలిగినా ఆయన క్యారియర్ ఆపిందే లేదు.)

చిన్నాయన: నమ్మకపోతే పో. ఆ దూది నాలిక్కి కూడా రాసుకోని చూసినా, వగరుగా ఉండాది!

కొంచేపు ఏ శబ్దమూ లేదు.

చిన్నమ్మ: ఏ పక్క రుద్దినావు? కుర్చీ వేసుకునే పక్క, కుడిచేతి వైపా?

చిన్నాయన: ఆ. నీకెట్ల తెలుసు?

చిన్నమ్మ: మా నాయన వక్కాకు నమిలి మా అమ్మ చూడకుండా వేళ్ళు ఆడే తుడుచుకునేవాడయ్యా! ముప్పై ఏండ్లు!

ఇంగ ఆయన బాత్రూములోకి ఉరికింది, థూ థూ అని ఉమ్మింది, ఈమె గోడకానుకోని నవ్వింది, అవన్నీ చెప్తే మళ్ళీ నేను వాళ్ళింటికి పోలేను. ఆ నవ్వు మధ్యలోనే ఆపి ఆయమ్మ టార్చి తీసుకోని తనే టేబుల్ కిందికి దూరింది.

చిన్నమ్మ: సున్నం వేలిగీత కూడా అట్లే ఉండాది... చూడు.

చిన్నాయన: (నోరు పుక్కిలిస్తా) దాన్ని తుడవబాకలే.

చిన్నమ్మ: నేనెందుకు తుడస్తా, విలువ పోతాదంటివే. కాఫీలో చక్కెర రొంత ఎక్కువెయ్యనా? వగరు పోవాల గదా.