సింపుల్‌గా ఏదో ఒకటి చాలు

నెల్లూరు మగవాళ్ళకు తిండి పట్టింపు ఎక్కువని బయటి జిల్లాల్లో ఒక మాట ప్రచారంలో ఉంది. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల తరఫువాళ్ళు ఉద్యోగం, పొలం, ఇల్లు అన్నీ విచారించాక, చివర్లో ఒక పెద్దాయన గొంతు తగ్గించి "నెల్లూరోళ్ళు కదా, భోజనాల దగ్గర ఎట్లనో..." అని నసగడం నేను చెవులారా విన్నాను. ఈ అపవాదును ఖండించక తప్పదు. కావలి నుంచి తడ దాకా నాకు తెలిసిన ఏ ఇంట్లోనూ మగవాడు ఫలానాదే కావాలని పొద్దున్నే పేచీ పెట్టడం నేను చూడలేదు. వంటింటి గుమ్మం దాకా వచ్చి, తాగేసిన కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి, మేం అనే మాట ఒక్కటే.

"సింపుల్‌గా ఏదో ఒకటి చెయ్ మే, చాలు."

ఇంతకన్నా నిరాడంబరంగా మనిషన్నవాడు ఎట్లా బతుకుతాడో నాకు తెలియదు.

సింపుల్ భోజనం అంటే అన్నం, పప్పు. అంతే. అన్నం పొడిపొడిగా ఉండాలి. ఒకప్పుడు మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకుని తిన్న జిల్లా ఇది, కుక్కర్ ఒక విజిల్ ఎక్కువ వేసి అన్నం ముద్దయితే జిల్లా పరువేం కాను? ఇక పప్పు. కందిపప్పు ఊరికే ఉడకేసి పెడితే అది పత్యం, కాబట్టి అందులో దోసకాయో, మామిడికాయో, గోంగూరో పడాలి. నంచుకోను ఏమీ లేకపోతే ముద్ద గొంతు దిగదు గనుక నాలుగు వడియాలు వేయించాలి. వేపుడుంటే వడియాలు అక్కర్లేదు, మాకంత పట్టుదల లేదు. బెండకాయ వేపుడైనా సరే, జిగురు లేకుండా ఉంటే. పప్పులోంచి నేరుగా పెరుగులోకి దూకడం పెద్దమనిషి లక్షణం కాదు, అందుకని మధ్యలో రసం. మిరియాలు అప్పటికప్పుడు దంచి వెయ్యాలి, డబ్బాలో పొడి వేస్తే నాలుకకు తెలిసిపోతుంది. చివర్లో గడ్డపెరుగు, అందులోకి గూడూరు నిమ్మకాయ ఊరగాయ ఒక బద్ద. ఇందులో ఎక్కడైనా బిర్యానీ అడిగానా? పనీర్ అడిగానా? అంతా ఇంట్లో ఉండే సరుకే.

మా ఇల్లు వేదాయపాళెంలో. నా ఆఫీసు దర్గామిట్టలో, పదిన్నరకు చేరితే సరిపోతుంది. మా ఆవిడ టీచరు. ఆమె బడి పెన్నకు అవతల, కోవూరు దాటి ఇంకా లోపలికి, ఎనిమిది కాకముందే బస్సెక్కాలి. అమ్మాయి ఇంటరు, దానికి ఏడున్నరకే క్యారియర్ కట్టాలి. అమ్మకు షుగరు, మాత్ర వేసుకున్నాక టిఫిన్ ఆలస్యం కాకూడదు. ఈ లెక్కన ఐదున్నర నుంచి ఏడున్నర లోపల టిఫినూ, మధ్యాహ్నం వంటా రెండూ అయిపోవాలి. ఇదంతా వింటే ఆమెకు ఊపిరాడదేమోనని చదివేవాళ్ళకు అనుమానం రావచ్చు. అది నాకూ తెలుసు. అందుకేగా సింపుల్‌గా అన్నది.

టిఫిన్ అసలు పనే కాదు. దోశపిండి ఫ్రిజ్‌లో ఉంటుంది. అది అక్కడికి ఎట్లా వస్తుందో నేనెప్పుడూ విచారించలేదు, పెన్నలో ఇసుకలాగా ఎప్పుడు చూసినా ఉంటుంది. ఒక గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం నాలుగైదు గంటలు నానబెట్టి, రుబ్బి, రాత్రంతా పులవనిస్తే వస్తుందని ఈ మధ్య అమ్మ చెప్పింది. సరే, పిండి ఉన్నాక దోశ ఎంతసేపు? మేం పుట్టిన ఊరు కారం దోశకు పేరుపడ్డది కాబట్టి కాస్త ఎర్రకారం నూరాలి. ఎండుమిరపకాయలు నానేసి, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఉప్పు వేసి మెత్తగా నూరి దోశ మీద పూసి, పైన పప్పుల పొడి చల్లాలి. టైము లేనప్పుడు కారం లేకుండా ఉత్త దోశ వేసెయ్యమని నేనే పెద్దమనసుతో చెబుతుంటాను, అమ్మ కంచంలోకి.

ఆమె శ్రమ తగ్గించడానికి నేను చేసే ప్రయత్నాలు ఇంతటితో ఆగలేదు. "ఇంట్లో ఉన్న వాటితోనే ఐదు నిమిషాల్లో అదిరిపోయే కూర" అనే వీడియో ఫోన్లో కనిపించినప్పుడల్లా వెంటనే ఆమెకు పంపిస్తాను. ఆ వీడియోల్లో ఉల్లిపాయలు ముందే తరిగి గాజు గిన్నెల్లో ఉంటాయి, పప్పు ముందే ఉడికి ఉంటుంది, చింతపండు రసం ముందే తీసి ఉంటుంది, గిన్నెలు కడిగే సంగతి ఎవరూ ఎత్తరు. ఐదు నిమిషాలు ఎందుకు పడుతుందో నాకు అదే అర్థం కాదు, రెండు నిమిషాల్లో అయిపోవాలి. మా ఆవిడ బస్సులో కూర్చుని అవన్నీ చూస్తుందనే అనుకుంటున్నాను. జవాబు మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఆదివారం ఆమెకు విశ్రాంతి. ఆ రోజు నేను వంకాయ పచ్చిపులుసు సూచిస్తాను. పేరులోనే పచ్చి అని ఉంది, పొయ్యితో పనిలేని కూర. ఒక నల్ల వంకాయ మాత్రం కాల్చుకోవాలి. దానికి నూనె రాసి, రెండు గాట్లు పెట్టి, స్టవ్ మంట మీద నేరుగా పెడుతుంది. తొడిమ పట్టుకుని తిప్పుతూనే ఉండాలి. తొక్క ముందు ముడతలు పడుతుంది, తర్వాత చిట్లుతుంది, చిట్లిన చోట రసం బుడగలు కట్టి బర్నర్ మీద చుయ్‌మని పడుతుంది. లోపల మెత్తబడిందో లేదో చాకుతో పొడిచి చూసి, పళ్ళెంలోకి తీసి తొక్క వొలుస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఆగే తీరిక ఉండదు గనుక పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టుకుని వేళ్ళు ముంచుకుంటూ వొలుస్తుంది. ఆ గుజ్జును చింతపండు పులుసులో పిసికి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, కాస్త బెల్లం. మాడిన తొక్క పేలిక ఒకటి పులుసులో తగిలినా నేను పల్లెత్తు మాట అనను. తీసి కంచం అంచు మీద పెడతాను, అందరికీ కనపడేట్టు.

పచ్చిపులుసు ఒక్కదానితో అన్నం ఎట్లా తింటారని మీకు సందేహం వస్తుంది, నాకూ వచ్చింది. దానికి తోడు కందిపచ్చడి ఉండాలి. కందిపప్పు, ఎండుమిరపకాయలు దోరగా వేయించి, జీలకర్ర, వెల్లుల్లి వేసి నూరడమే. మిక్సీలో వేస్తే రోటి రుచి రాదని ఒక మాట అన్నాను తప్ప రోలు పెరట్లోంచి లోపలికి తెమ్మని నేను ఎవరినీ ఆజ్ఞాపించలేదు.

చేపల పులుసు దగ్గరికొస్తే మా జిల్లా బుర్ర ఎంత ముందుచూపుదో తెలుస్తుంది. రాత్రి వండి మర్నాడు తినే కూర ఇది. పులుపూ కారం ముక్కకు పట్టడానికి రాత్రంతా టైము ఇస్తారు, కాబట్టి మర్నాడు వంటే ఉండదు. ఇందులో నా వంతు పెద్దది. శనివారం సాయంత్రం బొమ్మిడాయిలో, కొరమీనో బేరమాడి తెచ్చేది నేనే. ఆ తర్వాతవన్నీ చిన్న వివరాలు. జిగురు పోయేదాకా ఉప్పూ పసుపూ వేసి రుద్ది రుద్ది కడగడం, మెంతులు మాడకుండా వేయించి పొడి కొట్టడం, చింతపండు పిసకడం, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో కనిపెట్టుకుని ఉండడం. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, చెదిరిపోతాయి, దాక అంచులు గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ కదపాలి. మర్నాడు చుట్టాలొచ్చి నాలుగు ముద్దలు తిని "పులుసు అదిరింది అబ్బయ్యా" అని నా వీపు తడతారు. నేను వినయంగా తల వంచుతాను. ఆ సమయంలో ఆమె చేప ముట్టని అమ్మాయి కోసం ఇంకో కూర తాలింపు పెడుతూ ఉంటుంది కాబట్టి, ఆ పొగడ్తను స్వీకరించడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి కదా.

మగవాళ్ళు వంటింటికి ఏం చేశారని అడిగేవాళ్ళకు ఒక్క ఉదాహరణ చాలు. నాన్‌స్టిక్ పెనం మీద గీతలు పడుతున్నాయని ఆమె అన్నప్పుడు ఉదయగిరి చెక్క గరిటెల సెట్టు కొనుక్కొచ్చింది ఎవరు? ఎంత నగిషీ, ఎంత నునుపు! వంటకు వాడితే పాడైపోతాయని షోకేసులో పెట్టించింది కూడా నేనే.

ఇంత చేస్తున్నా కేంద్ర ప్రభుత్వం మా మీద లెక్కలు తీసింది. ఎవరు రోజులో ఏ పని ఎంతసేపు చేస్తున్నారో తేల్చడానికి 2019లో దేశమంతా ఒక సర్వే జరిపింది. జీతం లేని ఇంటిపని ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని అందులో ఉంది. 97 చూడగానే నేను ఉలిక్కిపడ్డాను. గంటన్నర పైన! ఎవడు చేస్తున్నాడు ఇంత? మన మధ్యనే ఉంటూ ఈ పని చేస్తున్న ఆ ద్రోహి ఎవరు? కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాక ప్రాణం కుదుటపడింది. అది ఆ రోజు ఇంటిపని చేసిన మగవాళ్ళ సగటు మాత్రమేనట, అట్లాంటివాళ్ళు నూటికి 26 మంది. మిగతా 74 మంది ఆ జోలికే పోలేదు. ప్రజాస్వామ్యంలో మెజారిటీ ఎటుంటే న్యాయం అటుంటుంది, నేను అటే ఉన్నాను.

అయితే ఈ జిల్లా ఆడవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలని చరిత్ర హెచ్చరిస్తూనే ఉంది. దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడికి పోయి నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు, 1992లో ఊళ్ళో సారా అంగడి మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. చదువుకుంటేనే ఇంత జరిగింది. మా ఆవిడ చదువు చెబుతుంది.

నేను భయపడ్డట్టే అయింది. పోయిన నెల ఒకరోజు నేను గుమ్మం దగ్గర నా మాట నేను అనగానే ఆమె స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుంది.

"వండేది నేనే వండతా. దానికేం లేదు. ఏం వండాలో మాత్రం ఇక మీరు చెప్పండి. రోజూ ఐదున్నరకు చెప్పాలి, ఇంట్లో ఉండే వాటితోనే, అందరూ తినేట్టు."

ఇది ఎంత అన్యాయమో గమనించ ప్రార్థన. వండడం కష్టమంటే అర్థం చేసుకోవచ్చు, మంట, పొగ, చెమట అన్నీ కంటికి కనపడేవే. ఏం వండాలో అనుకోవడం కూడా ఒక పనేనా? ఆఫీసులో ఫైలు నడిపేవాడినే గానీ నేనెప్పుడూ అనుకోవడానికి విడిగా జీతం అడగలేదు. అయినా శాంతి కోసం ఒప్పుకున్నాను.

"పప్పు," అన్నాను మర్నాడు.

"రాత్రి తిన్నది ఏందండీ?"

కాస్త ఆలోచించాల్సొచ్చింది. పప్పే.

"అయితే ఉర్లగడ్డ వేపుడు."

"అత్తమ్మకు షుగరు."

"వంకాయ కూర."

లోపలి గదిలోంచి అమ్మాయి గొంతు వినిపించింది. "నేను క్యాంటీన్లో తింటాలే నాన్నా."

"పోనీ సాంబారు పెట్టు."

"పోయిన వారం క్యారియర్లో కారి దాని రికార్డు బుక్కు తడిసింది. గుర్తు లేదా?"

లేదు. ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలని నాకు ముందుగా ఎవరూ రాతపూర్వకంగా తెలియజేయలేదు. నిన్న ఏం తిన్నాం, ఫ్రిజ్‌లో ఏది వాడిపోతోంది, ఎవరికి ఏది పడదు, ఏది డబ్బాలో కారదు, గ్యాస్ బండ ఎప్పుడు మార్చాం. ఇంత సమాచారం ఒక్క బుర్రలో ఉంచడం పద్ధతి కాదు, దీనికి కనీసం ఒక రిజిస్టరైనా పెట్టాలి. నేను ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలి చలిగాలికి నిలబడి ఈ దిశగా యోచిస్తుండగా ఆమె గడియారం చూసింది.

"కింద అరలో దోసకాయలుండాయి. పచ్చడి చేద్దాం. ఒక ముక్క కోసి చేదేమో చూసి చెప్పండి, ఈలోగా తాలింపు వేయిస్తా."

ఇన్నేళ్ళుగా మా ఇంట్లో దోసకాయ చేదు చూసేవాళ్ళు ఒకరున్నారన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. ముక్క కోసి నాలుక మీద పెట్టుకున్నాను. చేదు చెవుల దాకా పాకింది. చేదని చెబితే రెండోది కొయ్యాలి. అదీ చేదైతే బండి తీసి కూరగాయలకు పోవాల్సింది నేనే, అప్పటికి ఆరు కూడా కాలేదు.

"తియ్యగా ఉంది, వేసెయ్ మే," అన్నాను.

ఆమె నా మొహం వైపు ఒక్కసారి చూసి ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఆఫీసులో డబ్బా తెరిస్తే దోసకాయ పచ్చడి ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి విచారిస్తే తేలిందేమిటంటే, మిగతా ముగ్గురికీ టమోటా పచ్చడి.