ఎన్‌కౌంటర్ చేసేస్తే న్యాయం జరిగిపోయినట్టేనా?

డిసెంబర్ వస్తే చాలు ఆ మెసేజ్ మళ్ళీ వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. "నిర్భయకి ఏడేళ్ళు పట్టింది, దిశకి పది రోజుల్లో న్యాయం చేశారు, ఇంక కోర్టులెందుకు, ఎన్‌కౌంటర్ భయం ఉంటేనే దారికొస్తారు, మానవ హక్కులు రాక్షసులకా" అని. పెట్టేవాళ్ళ కోపం నాకర్థమవుతుంది, 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర అత్యాచారం చేసి చంపేసిన ఆ డాక్టరమ్మాయికి, అదే మనం దిశ అంటున్న అమ్మాయికి, జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. కానీ ఆ మెసేజ్‌లో ఒక్క మాట కూడా నిలబడదు.

అసలు ఎన్‌కౌంటర్లో చచ్చిపోయినవాళ్ళు దోషులని ఎవరు తేల్చారండీ? పోలీసులే కదా. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేసిన కేసు గుర్తుందా, 2008లో ఒక పేద దళిత కుర్రాణ్ణి పట్టుకొచ్చి వీడే హంతకుడు అన్నారు, కింది కోర్టు శిక్ష కూడా వేసేసింది, అమ్మాయి కన్నతల్లేమో చంపింది వీడు కాదు మొర్రో అని మొత్తుకుంటూనే ఉంది. 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలిపెట్టేసరికి ఎనిమిదేళ్ళు పైనే జైల్లో మగ్గిపోయాడు. అదే 2008లోనే "పారిపోబోయాడు, కాల్చేశాం" అని ఉంటే? మనమంతా చప్పట్లు కొట్టి మర్చిపోయేవాళ్ళం, ఆ తల్లి మాట ఎవడూ వినేవాడు కాదు.

దిశ కేసులో 2019 డిసెంబర్ 6 తెల్లారుజామున చటాన్‌పల్లిలో చనిపోయిన నలుగురూ పోలీసుల కస్టడీలో ఉన్నవాళ్ళే. కళ్ళల్లో మట్టి కొట్టి పిస్టళ్ళు లాక్కున్నారు అని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ కథ నమ్మలేదు. చంపాలనే కాల్చారని తేల్చింది, పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలంది, నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. 2022లో ఆ రిపోర్టు బయటికొచ్చింది, మరి దాన్ని ఎంతమంది ఫార్వర్డ్ చేశారు?

ఏడేళ్ళ సంగతికొస్తే, నిర్భయ ఘటన 2012 డిసెంబర్ 16న, ట్రయల్ కోర్టు ఉరిశిక్ష వేసింది 2013 సెప్టెంబర్‌లో, అంటే తొమ్మిది నెలలు. మిగతా టైమంతా అప్పీళ్ళు, పిటిషన్ల దగ్గర పోయింది. అక్కడ స్పీడ్ పెంచమని, జడ్జి పోస్టులు నింపమని గట్టిగా అడుగుదాం, నేనూ వస్తా.

భయం అంటారా, వరంగల్ యాసిడ్ దాడి కేసులో 2008 డిసెంబర్‌లో ముగ్గురు నిందితుల్ని ఇలాగే కాల్చేశారు, అప్పుడూ జనం పోలీసులకి దండలేశారు. అయినా పదకొండేళ్ళకి శంషాబాద్‌లో ఘోరం జరిగింది.

ఇంక "బాధితురాలికి హక్కులు లేవా" అనే ప్రశ్న. ఉన్నాయి, అందరికంటే ముందు ఆమెకే ఉన్నాయి. దిశ కనపడకుండా పోయిన ఆ రాత్రి ఇంట్లోవాళ్ళు బిడ్డ కనపడట్లేదని కంప్లైంట్ ఇవ్వడానికి పరిగెత్తితే ఇది మా పరిధి కాదు అని తిప్పారు, ఎఫ్ఐఆర్ లేటు చేసినందుకు ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ కూడా చేశారు. ఆమె హక్కు పోయింది అక్కడ, ఆ స్టేషన్ గుమ్మం దగ్గర. తుపాకీ పేలగానే ఆ విషయం అడిగేవాళ్ళే లేకుండా పోయారు.