పతకమో, షుగరో ఉంటేనే కదలాలా?

విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియం దగ్గర పొద్దున్నే నడిచే ఆడవాళ్లలో నలభై దాటినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. పంజాబీ డ్రెస్, స్పోర్ట్స్ షూ, చేతిలో ఫోను. ఆరున్నర కాగానే ఆ ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ అడుగు వేగం పెంచుతారు, ఇంటికెళ్లి క్యారేజీలు కట్టాలి మరి. మగవాళ్లు మాత్రం నడక అయ్యాక టీ బండి దగ్గర రాజకీయాల్లో పడతారు. ఈ నడక ఎలా మొదలైందని అడగండి, చాలామంది చెప్పేది ఒకటే: "డాక్టర్ గారు నడవమన్నారండీ."

అంటే షుగరో బీపీయో వచ్చాక గానీ ఇంట్లో ఆ అరగంట దొరకలేదన్నమాట.

"రోజంతా ఇంటిపనే కదా, మళ్లీ ఎక్సర్‌సైజ్ దేనికి?" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంటిపనినీ లెక్కలో వేసుకుంటుంది. వేసుకున్నా, 2022 అంచనాల్లో మన దేశంలో 57 శాతం మంది స్త్రీలకు సరిపడా శారీరక శ్రమ లేదని తేలింది. మగవాళ్లలో అది 42 శాతం. రోలు పోయి మిక్సీ వచ్చింది, ఒళ్లు వంచే పని తగ్గింది, చాకిరీ గంటలు మాత్రం తగ్గలేదు. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు పెట్టేది 88. అదీ ఆ పని ముట్టుకునే మగవాళ్ల సగటే!

అసలు నష్టం చాలా ముందే జరుగుతోంది. పెద్దమనిషి కాగానే "ఇంకా ఆ గెంతులేంటి" అని మొదలవుతుంది. తర్వాత ఇంటర్. కార్పొరేట్ కాలేజీలకు పెట్టింది పేరైన ఊరు మనది. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగ్‌లో క్లాసులు, హాస్టల్, పొద్దుటి స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బెంచీకి అతుక్కోవడం. మగపిల్లలకూ అదే గతి, కాదనను. కానీ సెలవొస్తే వాళ్లకు సందులో క్రికెట్టయినా ఉంటుంది. ఎముకలు గట్టిపడేది ఈ వయసులోనే. మెనోపాజ్ తర్వాత ఎముక పలచబడేటప్పుడు ఆదుకునేది ఇప్పుడు కూడబెట్టుకున్న బలమే.

మన బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిస్తే అందరం మురిసిపోయాం. పతకం తెచ్చే పిల్లను ఎవరూ ఆపరు. ఏ పతకమూ తేకుండా, ఊరికే సరదాకి షటిల్ ఆడుకుంటానన్న పిల్లకే "చదువు పాడవుతుంది" అన్న మాట ఎదురవుతుంది.

కాలేజీకి గుర్తింపు ఇచ్చేటప్పుడు ఇంటర్ బోర్డు ఆటస్థలం కాగితాలతో సరిపెట్టుకోకుండా, అమ్మాయిల టైమ్‌టేబుల్‌లో రోజూ గంట ఆట ఉందో లేదో వెళ్లి చూడాలి. ఇంట్లో సంగతి బోర్డు చేతిలో లేదు. ఎండాకాలం ఇక్కడ ఏడున్నర దాటితే నడవలేం. కాబట్టి ఆరింటికి వంటగదిలోకి ఇంకొకరు వెళ్లాల్సిందే, ఆ ఇంకొకరు అత్తగారో కూతురో అయితే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.