వెల్డింగ్ కళ్ళమంటకు బంగాళాదుంప ముక్కట!

వాట్సాప్‌లోనూ షెడ్లలోనూ తిరుగుతున్న సలహా ఇది: చిన్న ట్యాకింగ్‌లకు (ముక్కలు కదలకుండా బొట్టంత వెల్డ్ పెట్టడానికి) కూలింగ్ గ్లాసులు చాలు. మంట చూసేవాడికే ప్రమాదం, పక్కన పనిచేసేవాళ్ళకు ఏమీ కాదు. మంట వెలగగానే అద్దం తనంతట తానే నల్లబడే ఆటో హెల్మెట్ ఉంది కదా, అది నల్లబడేలోపే కళ్ళు కాలతాయి, డబ్బు దండగ. రాత్రి కళ్ళు మండితే బంగాళాదుంప ముక్కలు కట్టుకో, లేదంటే చనుబాలు వేయించుకో, తెల్లారేసరికి మాయం. వీటిలో ఒక్క ముక్క మాత్రం పైకి నిజంలా కనిపిస్తుంది.

“కూలింగ్ గ్లాసులు చాలు.” వెల్డింగ్ అద్దం నలుపుకు షేడ్ నంబరు ఉంటుంది. మామూలు చలువ కళ్ళద్దాలు ఆ లెక్కన షేడ్ 3 దగ్గర ఆగిపోతాయి. మీద పడిన వెలుతురులో దాదాపు 14 శాతం లోపలికి వస్తుంది. షేడ్ 10 అద్దం వదిలేది 0.014 శాతమే. తేడా వెయ్యి రెట్లు. రాడ్ వెల్డింగ్‌లో కరెంటు 60 నుంచి 160 ఆంపియర్ల దాకా ఉంటే షేడ్ 10, అది దాటి 250 వరకు 12 సూచిస్తారు. 2.5 ఎంఎం రాడ్‌తో కిటికీ గ్రిల్ అతికించినా 10 కావాల్సిందే. గ్యాస్ కటింగ్ సంగతి వేరు. 25 ఎంఎం లోపు ప్లేటుకు గాగుల్స్‌లో 3 లేదా 4 సరిపోతుంది. ఈ రెండు పనుల్నీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

పైగా చలువ కళ్ళద్దాల పక్కలు ఖాళీ. కంటిని కాల్చేది మనకు కనిపించే తెల్లటి వెలుగు ఒక్కటే కాదు, కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా. అవి పక్కసందుల్లోంచి దూరతాయి. “కళ్ళు మూసుకుని ట్యాక్ వేస్తా” అనేవాళ్ళు ఒకటి మరిచిపోతారు: రాడ్ అంటుకున్నాకే రెప్ప పడుతుంది. ఆ క్షణం పాటు కన్ను తెరిచే ఉంటుంది. రోజంతా యాభై ట్యాక్‌లు వేస్తే యాభై క్షణాలూ కలుస్తాయి. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా మీద ఆ మోతాదు పోగవుతూనే ఉంటుంది.

అలాగని అద్దం ఎంత నల్లగా ఉంటే అంత మేలనీ కాదు. తక్కువ ఆంపియర్లకు షేడ్ 13 పెడితే జాయింట్ కనబడదు, మనిషి హెల్మెట్ ఎత్తి రాడ్ కొడతాడు. నల్ల అద్దానికి ముందు తెల్ల అద్దం తప్పకుండా ఉండాలి. నిప్పురవ్వలు దాన్ని గుంతలు పెట్టగానే మార్చాలి. నల్ల అద్దంలో గీతంత పగులు కనిపించినా పారేయాలి.

“పక్కవాళ్ళకు ఏమీ కాదు.” హోల్డర్ పట్టి వెల్డింగ్ చేసేవాడు హెల్మెట్‌లో ఉంటాడు. ముక్కను పట్టుకున్న హెల్పర్ మొహం తిప్పుకుని నిలబడతాడు. సున్నం కొట్టిన గోడ, అల్యూమినియం రేకు, స్టీలు షీటు ఆ కిరణాలను వెనక్కి కొడతాయి. మీటరు దూరం నుంచి అయిదు మీటర్లకు జరిగితే నేరుగా పడే మోతాదు 25వ వంతుకు తగ్గుతుంది. జరగలేనప్పుడు వెల్డింగ్ కర్టెన్ కట్టాలి, హెల్పర్‌కీ అదే షేడ్ హ్యాండ్ స్క్రీన్ ఇవ్వాలి. విపరీతమైన వెలుతురు నుంచి కళ్ళను కాపాడే తెరలు, గాగుల్స్ గురించి 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లోనే రాశారు. అదేమీ కొత్త ముచ్చట కాదు.

“ఆటో హెల్మెట్ దండగ.” తప్పు. ప్రమాణాలకు తగిన హెల్మెట్‌లో అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే పొర, అద్దం నల్లబడకముందు కూడా పనిచేస్తూనే ఉంటుంది. బ్యాటరీ చచ్చినా అంతే. అప్పుడు కళ్ళు జిగేల్‌మంటాయి గానీ కార్నియా కాలదు. అసలు చిక్కు వేరే చోట ఉంది: అద్దం నల్లబడకుండా ఆపే గ్రైండ్ మోడ్‌లో వదిలేసి రాడ్ కొట్టడం, సెన్సార్ మీద మసి పట్టడం, మూలల్లో పనిచేసేటప్పుడు సెన్సార్‌కు పైపు అడ్డం రావడం. మొదలుపెట్టే ముందు అద్దాన్ని ఎండవైపు తిప్పండి, నల్లబడకపోతే ఆ రోజు దాన్ని వాడకండి.

హెల్మెట్ పైకెత్తి చిప్పింగ్ హ్యామర్‌తో స్లాగ్ (వెల్డ్ మీద గట్టిపడిన పెంకు) కొట్టేటప్పుడు కంటికి ఏ అడ్డూ ఉండదు. కింద పాలికార్బొనేట్ కళ్ళజోడు ఉంటే ఎగిరే స్లాగ్‌నూ, పక్కనుంచి వచ్చే ఫ్లాష్‌లోని అతినీలలోహిత కిరణాలనూ అదే ఆపుతుంది. మెసేజ్‌లో దీని ఊసే లేదు.

“బంగాళాదుంప కడితే తెల్లారేసరికి మాయం.” నిజంలా కనిపించేది ఇదే. మంట వెంటనే రాదు. 6 నుంచి 12 గంటలు గడిచాక, సాధారణంగా నడిరాత్రి, కళ్ళలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. కార్నియా పైపొర తనంతట తానే 24 నుంచి 72 గంటల్లో మళ్ళీ అల్లుకుంటుంది. ఈలోగా ఏం పెట్టినా పేరు దానికే. తన కోడి, కుంపటి లేకపోతే ఊళ్ళో తెల్లవారదనుకున్న ముసలమ్మ లెక్క. ముక్క చల్లదనం కాస్త హాయినిస్తుంది, నిజమే. ఆ హాయి శుభ్రమైన తడిగుడ్డా ఇస్తుంది. పొర లేచిపోయిన కంటిలోకి మట్టిలో పెరిగిన దుంప రసమో, చనుబాలో పోస్తే సూక్ష్మజీవులకు దారి తెరిచినట్టే.

అంతకన్నా ప్రమాదం, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మొద్దుబార్చే చుక్కలు. నిమిషంలో నొప్పి పోతుంది, అందుకే మళ్ళీ మళ్ళీ వేస్తారు. పొర మానడం ఆగిపోయి కార్నియా పుండు పడుతుంది. వాటిని డాక్టర్ పరీక్ష కోసం వాడతారు, ఇంటికి ఇవ్వరు. చేయాల్సింది ఇంతే: కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయాలి, వెలుతురు తగ్గించుకోవాలి, నలపకూడదు, మూసిన రెప్పల మీద చల్లటి గుడ్డ వేయాలి, ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, పారాసిటమాల్ వాడాలి.

రోజు గడిచినా తగ్గకపోతే, చూపు మధ్యలో మచ్చ కనిపిస్తే, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మంట ఒక్క కంట్లోనే ఉంటే ఆర్క్ (వెల్డింగ్ వెలుగు) కన్నా ముందు ఇనుప రజనును అనుమానించాలి. దాన్ని షెడ్‌లో అయస్కాంతంతోనో, గుడ్డ కొనతోనో తీయబోకండి.