రో టే-వూ దయతో వచ్చింది కాదు

దక్షిణ కొరియాకు ప్రజాస్వామ్యం 1987 జూన్ 29న పాలక పార్టీ నేత రో టే-వూ, అధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకోవడానికి ఒప్పుకుంటూ చేసిన ప్రకటనతో వచ్చిందని మీ వ్యాసంలో రాశారు. ఆయన ఊరికే దిగిరాలేదండీ. ఆ జనవరిలో సియోల్ యూనివర్సిటీ విద్యార్థి పార్క్ జోంగ్-చుల్‌ను, ఓ సీనియర్ ఆచూకీ చెప్పమని పోలీసులు నీళ్లలో ముంచి చంపేశారు. బల్ల మీద గట్టిగా చరిస్తే కుప్పకూలాడని పైగా కథ చెప్పారు! ఆ గది నేలంతా తడిగా ఉందని, చూడటానికి వెళ్లిన డాక్టరే బయటపెట్టాడు. జూన్ 9న యోన్సే యూనివర్సిటీ గేటు దగ్గర నిరసనలో ఉన్న విద్యార్థి లీ హాన్-యోల్ టియర్ గ్యాస్ గుండు తలకు తగిలి పడిపోయాడు, జులై 5న చనిపోయాడు.

ఈలోపు సియోల్‌లోని మ్యోంగ్‌డాంగ్ చర్చిలో నిరసనగా బైఠాయించిన కుర్రాళ్లకు పక్క స్కూలు ఆడపిల్లలు తమ లంచ్ బాక్సులు ఇచ్చేశారు. టై కట్టుకున్న ఆఫీసు ఉద్యోగులూ రోడ్డెక్కారు. సైన్యం నుంచి వచ్చి గద్దెనెక్కిన అధ్యక్షుడు చున్ డూ-హ్వాన్ సర్కారుకు అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. విద్యార్థులైతే కొట్టి లోపలేస్తారు, ఉద్యోగులందర్నీ ఏం చేస్తారు?

మీరు వదిలేసింది ఇంకోటి ఉంది. డిసెంబరులో జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిపక్ష నేతలు కిమ్ యంగ్-సామ్, కిమ్ డే-జుంగ్ ఇద్దరూ పోటీకి దిగి ఓట్లు చీల్చుకున్నారు. 37 శాతం కూడా రాకుండానే రో టే-వూ అధ్యక్షుడైపోయాడు.