గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా?

పోయిన ఆర్‌సీ పుస్తకం గురించి అర్జీ ఇచ్చుకుందామని గత వారం ఒక పోలీసు స్టేషనుకు వెళ్ళి బల్ల మీద కూర్చున్న నేను, మన న్యాయశాస్త్ర చరిత్రలో ఒక మహత్తర ఘట్టాన్ని కళ్ళారా చూసే భాగ్యానికి నోచుకున్నాను. ముప్పై దాటని ఒక యువతి, విడిగా ఉంటున్న భర్త రాత్రంతా పంపిన బెదిరింపులను ఫోనులో ఒక్కొక్కటిగా ఎస్సై గారికి చూపిస్తోంది. ఆయన మూడో దాని దగ్గరే చూపు తిప్పుకుని, కన్నతండ్రి వాత్సల్యంతో, "బ్లాక్ చేసుకోమ్మా, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నారు. పక్కనున్న హెడ్ కానిస్టేబులు గారు, "కొట్టలేదుగా మరి" అని ఆ తీర్పును ధ్రువీకరించారు.

ఇంత సులువైన సూత్రం మన పార్లమెంటుకు తట్టకపోవడం విచారకరం. 2005లో గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం చేసినప్పుడు ఆ అమాయకులు 18వ సెక్షనులో, బాధితురాలిని నేరుగా గానీ, నోటిమాటగా గానీ, రాతపూర్వకంగా గానీ, ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా గానీ, టెలిఫోనులో గానీ సంప్రదించడానికి ప్రయత్నించరాదని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చునని రాశారు. అప్పటికి వాట్సాప్ పుట్టనే లేదు. అది వచ్చింది 2009లో. ఆ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 31వ సెక్షనులో చెప్పి, అది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరమనీ, బెయిలు హక్కుగా దొరకదనీ 32వ సెక్షనులో మరీ పట్టుదలగా జోడించారు. బొటనవేలికి ఉన్న మహిమ తెలియక పాపం ఎంత కాగితం ఖర్చు చేశారో!

ఆ మహిమను కొంచెం వివరంగా చూద్దాం. ఎస్సై గారి సలహా మేరకు ఆమె భర్తను వాట్సాప్‌లో బ్లాక్ చేసిందనుకుందాం. మర్నాడు కొత్త నంబరు నుంచి వస్తాడు. దాన్నీ బ్లాక్ చేస్తుంది. ఆపైన బావమరిది నంబరు, ఆఫీసు నంబరు, పాల ప్యాకెట్లు వేసే కుర్రాడి నంబరు వరుసలో నిలబడతాయి. అన్నీ అయ్యాక, అర్ధరాత్రి ఆమె ఖాతాలో ఒక రూపాయి జమ అవుతుంది. యూపీఐలో డబ్బుతోపాటు నాలుగు మాటలు రాయవచ్చునన్న సౌకర్యాన్ని ఈ దేశంలో సంపూర్ణంగా వినియోగించుకున్నవాడు ఈ భర్తే. మొదటి రూపాయితో "లేచే ఉన్నావని తెలుసు" అని వస్తుంది. రెండో రూపాయితో "లైటు ఎందుకు ఆర్పావు" అని వస్తుంది. మూడోదానితో వచ్చిన మాట ఇక్కడ అచ్చు వేయదగింది కాదు. తెల్లవారేసరికి పదిహేడు రూపాయలు జమ. రేపు భరణం కేసులో ఆయన వకీలు లేచి నిలబడి, నా క్లయింటు క్రమం తప్పకుండా, రాత్రి నిద్ర కూడా మానుకుని, భార్య పోషణకు డబ్బు పంపుతూనే ఉన్నాడని బ్యాంకు స్టేట్‌మెంటు దాఖలు చేస్తే నేను ఆశ్చర్యపోను. పదిహేడు రూపాయలు ఏ మూలకని అడిగితే, వివరంగా రాసి మరీ పంపాడు కదా అంటారు.

సరే, యూపీఐలోనూ బ్లాక్ చేసింది. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు ఓటీపీ అడుగుతాడు. అది వెళ్ళేది భర్త ఫోనుకు. ఆధార్‌కు ఉన్నది అతని నంబరే, పిల్లవాడి బడి గ్రూపులో ఉన్నదీ అతనే. ఓటీపీ కావాలంటే ఆమె మళ్ళీ అతన్ని అన్‌బ్లాక్ చేసి బతిమాలుకోవాలి. ఈ చిక్కుకు ఏ వేలు వాడాలో ఎస్సై గారు సెలవివ్వలేదు.

ఇక సాక్ష్యం సంగతి. వాట్సాప్ సందేశం కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను కింద రెండు భాగాల ధ్రువపత్రం కావాలి. మొదటిది ఫోను ఎవరి చేతిలో ఉందో వారిది, రెండోది నిపుణుడిది. భార్యాభర్తల ఫోను మాటల రహస్య రికార్డింగును కూడా వైవాహిక వివాదంలో సాక్ష్యంగా చూడవచ్చునని సుప్రీంకోర్టు 2025 జూలైలో చెప్పింది. కోర్టు సాక్ష్యం తెమ్మంటుంది, స్టేషను ఆ సాక్ష్యం వచ్చే దారినే మూసుకోమంటుంది. ఈ రెంటి మధ్యా ఆమె కోర్టు ఎదుటి జిరాక్సు కొట్టులో నిలబడి, తనను మొగుడు తిట్టిన బూతులన్నీ మూడేసి కాపీలు తీయించుకుంటుంది. కొట్టు కుర్రాడు అవి చదువుతాడు. వెనక వరుసలో ఉన్నవాడూ మెడ చాచి చదువుతాడు. "రంగులో తీయాలా మేడమ్?" అని కొట్టు కుర్రాడు అడుగుతాడు.

ఇక్కడ నాకు వేళాకోళం చేతకావడం లేదు. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను, స్త్రీ వద్దన్నా వెంటపడి సంప్రదించడాన్నీ, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడాన్నీ నేరమంటుంది. మొదటిసారి మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే అయిదేళ్ళ వరకు శిక్ష. అందులో "ఏ పురుషుడైనా" అని ఉంది. మొగుడికి మినహాయింపు ఇవ్వదలచుకున్న చోట, అంటే అత్యాచారం గురించిన 63వ సెక్షనులో, అదే సంహిత సిగ్గు లేకుండా ఇచ్చింది. 78లో ఇవ్వలేదు. లేని మినహాయింపును బల్ల మీద పెన్ను పెట్టుకుని కూర్చుని మీరు ఎవరి అధికారంతో రాస్తున్నారు? "భర్తే కదా" అంటారు. అవును, భర్తే. ఆమె ఏ బస్సు ఎక్కుతుందో, పిల్లవాడు ఏ గేటు నుంచి బయటికి వస్తాడో, తాళం చెవి ఏ కుండీ కింద పెడుతుందో తెలిసినవాడు. ముక్కూ మొహం తెలియనివాడు పంపిన బెదిరింపు కన్నా ఇతను పంపినది ఎన్ని రెట్లు నిజమో తెలుసుకోవడానికి న్యాయశాస్త్రం చదవనక్కర్లేదు. ఆమెకు కావలసింది ఓదార్పు కాదు, ఎఫ్ఐఆర్. దాని ప్రతిని ఉచితంగా ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది.

ఆ యువతి ఏ కాగితమూ లేకుండానే లేచి వెళ్ళిపోయింది. నా అర్జీ తీసుకోబోతుండగా ఎస్సై గారి ఫోను మోగింది. ఎవరో క్రెడిట్ కార్డు ఇస్తామన్నారు కాబోలు, ఆయన విసురుగా కట్ చేసి హెడ్ కానిస్టేబులు వైపు తిరిగి, "ఎన్నిసార్లు బ్లాక్ చేసినా కొత్త నంబరుతో చేస్తారయ్యా. వీళ్ళ మీద కేసు పెట్టి లోపల వేస్తే గానీ బుద్ధి రాదు" అన్నారు.