బంతిలో వలపక్షం

నాకు ఏటవాలు గీత అంటే పడదు. 'తండ్రి/భర్త పేరు' అని ఫారాల్లో ఉండే గీతకి ఎలాగో అలవాటుపడ్డాం. నేను చెప్పేది మార్చి నెలలో అమెరికా ఆఫీసుల్లో ప్రింటర్లోంచి వేడివేడిగా దిగే బ్రాకెట్ కాగితం, అంటే ఎవరు ఎవరితో ఆడతారో గీసిన పట్టిక, దాని మీది గీత గురించి. కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో అసలు ఆట గురువారం మొదలవుతుంది. ఆలోగా 64 పేర్లు చూసి, 63 ఆటల్లో గెలిచేదెవరో రాసి, అయిదు డాలర్లు సమర్పించుకోవాలి. అన్నీ సరిగ్గా చెప్పడానికి ఎంత వీలుందంటే, సుమారు 92 వేల కోట్ల కోట్లలో ఒక వంతు. అది కూడా ప్రతి ఆటా బొమ్మా బొరుసూ అనుకుంటే. ఇంత గంభీరమైన పనికి కూర్చుంటే నాలుగు గడుల్లో పేరుండదు. 'ఫలానా/ఫలానా' అని ఉంటుంది. ఆ ఇద్దరూ ముందు ఒహాయోలోని డేటన్‌లో మంగళ, బుధవారాల్లో తేల్చుకోవాలి. 2011 నుంచీ దాదాపు ఇదే వరస. నాలుగు గీతలే కదా అని ఓర్చుకున్నాను.

ఇప్పుడేమో 68 జట్లు చాలవట. 72 అన్నారు, 76 అన్నారు. 76 అంటే 24 జట్లు ముందుగా 12 ఆటలు ఆడాలి. అంటే కాగితం మీద 12 గీతలు. అది బ్రాకెట్‌లా ఉండదు, ఒకటో క్లాసు పిల్లాడు గీసిన వాన బొమ్మలా ఉంటుంది.

ఇది 1939లో ఎనిమిది జట్లతో మొదలైన సంసారం. 1985కి 64 అయింది. ఎంత చక్కని సంఖ్య! సగం చేస్తూ పోతే చివరికి ఒక్కటే మిగులుతుంది. 2001లో కొత్త కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే కూటమి) ఒకదానికి చోటివ్వాల్సొచ్చింది. ఉన్నవాళ్లలో ఒక్కరూ జరగలేదు కాబట్టి 65 చేశారు. 2010లో ఏకంగా 96 అన్నారు, ఆ గోలంతా అయ్యాక 68 దగ్గర ఆగారు. 2025 ఆగస్టులో 'వచ్చే ఏడాదికి మాత్రం 68తోనే' అని ప్రకటిస్తే మావాళ్లు పండగ చేసుకున్నారు. ముహూర్తం వాయిదా పడితే సంబంధమే తప్పిపోయిందనుకునే అమాయకులు!

టోర్నీ నడిపే ఎన్‌సీఏఏ పెద్దల మాటల్లో జట్లు పెంచడం పిల్లలకు అవకాశం. నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అసలు 76తో ఎందుకు ఆగాలి? డివిజన్ వన్ అనే పై అంచెలో 360 పైచిలుకు జట్లున్నాయి, అందరినీ పిలవండి. డిసెంబర్లోనే మొదలుపెట్టండి. దాన్ని సీజన్ అనొచ్చు.

మనకర్థమయ్యేలా చెప్పుకుందాం. పెళ్లి భోజనాలు. 68 విస్తళ్లు. అందులో 31 పెళ్లికొడుకులవి, అంటే తమ తమ కాన్ఫరెన్సుల్లో గెలిచి బాసికం కట్టుకొచ్చినవాళ్లవి. మిగతా 37 కమిటీ పెద్దలు ముఖాలు చూసి, క్షమించాలి, 'సీజన్ మొత్తం పరిశీలించి' వేసేవి. 2025లో ఎస్ఈసీ కాన్ఫరెన్స్ అనే పెద్దింట్లో పదహారు మంది ఉంటే పద్నాలుగు మంది దిగారు. మిగిలిన ఇద్దరూ ఇంటికి కాపలా ఉన్నారు కాబోలు. ఇంతలో ఓ చిన్న ఊరి పెళ్లికొడుకు గుమ్మంలోకొచ్చాడు. గరిటె పట్టుకున్న పెద్దాయన ఆపాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

"పెళ్లికొడుకునండీ. మా వైపు అందర్నీ గెలిచి వచ్చాను."

"సంతోషం నాయనా. వెనక పెరట్లోకి వెళ్లు, డేటన్ అంటారు దాన్ని. అక్కడ నీలాంటి పెళ్లికొడుకే ఇంకొకడున్నాడు. ఇద్దరూ కుస్తీ పట్టండి. గెలిచినవాడికి గురువారం విస్తరి వేస్తాం."

"ఓడినవాడికండీ?"

"తాంబూలం."

"మరి లోపల ఆ మూల కూర్చుని గారెలు తింటున్నాయన తన ఎస్ఈసీ ఇంటివాళ్లతోనే ఆడి 6 గెలిచి 12 ఓడాడట కదండీ?"

"ష్, మెల్లగా! ఓడీ ఓడీ అలిసిపోయి వచ్చాడు పాపం. లేపితే ఏం బాగుంటుంది?"

అదే ఏడాది నార్త్ కరోలినా కూడా వచ్చింది. గట్టి జట్లతో 13 ఆటలాడి ఒక్కటే గెలిచి, చిట్టచివరి విస్తళ్లలో ఒకటి సంపాదించింది. ఆ ఏటి కమిటీ అధ్యక్షుడు అప్పట్లో ఆ యూనివర్సిటీ క్రీడల డైరెక్టరే. తమ జట్టు ప్రస్తావన వచ్చినప్పుడు నియమం ప్రకారం ఆయన గదిలో లేడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్నారు మనవాళ్లు. వడ్డించేవాడు కాసేపు బయటికెళ్లినా ఫర్వాలేదని ఇప్పుడు తెలిసింది.

ఆ విస్తరి దక్కనిది వెస్ట్ వర్జీనియాకి. అభిమానులు ఏడవడం మామూలే. అక్కడ ఏకంగా రాష్ట్ర గవర్నరే మైకు ముందుకొచ్చి, దీని మీద దర్యాప్తు జరగాలని అటార్నీ జనరల్‌ని కోరారు. ఎన్‌సీఏఏ పూర్తి పేరులో 'కాలేజీ' అనే మాట తీసేసి 'అవినీతి' అని రాసిన బోర్డు కూడా పెట్టారు. మన ఊళ్లో పెళ్లికి పిలవలేదని అలిగే మేనమామలు నయం, కేసు దాకా వెళ్లరు.

పిలుపు పెరిగితే ఈ అలకలు తీరతాయంటారు. ఎవరివి తీరతాయో చూద్దాం. 2025లో గుమ్మం బయట మిగిలిన మొదటి నలుగురు వెస్ట్ వర్జీనియా, ఇండియానా, ఒహాయో స్టేట్, బాయ్జీ స్టేట్. ముగ్గురు పెద్దిళ్లవాళ్లే. 2024లో 28 ఆటలు గెలిచి కూడా పిలుపందని చిన్నింటి జట్టు ఇండియానా స్టేట్ కోసం ఎవరూ కొత్త బంతి వేయలేదు. ఇప్పుడు 60 జట్లకు నేరుగా విస్తరి పడుతోంది. 76 చేస్తే 52 జట్లకే పడుతుంది. లోపల చోటు పెరగదు, పెరడే పెరుగుతుంది. ఎనిమిది మందిని లేపాలి. ఎవర్ని లేపుతారు? డ్యూక్ లాంటి పెద్ద జట్టునా?

2022 మార్చిలో నేను జెర్సీ సిటీలో ఉండేవాణ్ణి. మనవాళ్లు దోసెలకోసం వెళ్లే న్యూఆర్క్ అవెన్యూకి దగ్గర్లోనే సెయింట్ పీటర్స్ అనే చిన్న యూనివర్సిటీ. జట్టు పేరు నెమళ్లు. పక్కనే ఉంటూ అప్పటిదాకా నేనా పేరు వినలేదు, సిగ్గు లేకుండా చెప్తున్నాను. 15వ సీడు, అంటే తన గుంపు ర్యాంకుల్లో అట్టడుగుకి ఒక్క మెట్టు పైన. కెంటకీని ఎక్స్‌ట్రా టైమ్‌లో 85-79తో, ఆ తర్వాత ముర్రే స్టేట్‌ని, పర్డ్యూని 67-64తో కొట్టింది. 15వ సీడు చివరి ఎనిమిదిలోకి రావడం అదే మొదటిసారి. ఆ వారం కిరాణా కొట్లో కరివేపాకు కట్టలిచ్చే బాబాయి కూడా స్కోరడిగాడు.

అలాంటి పిల్లలు ఏడాదంతా గెలిచి, తమ కాన్ఫరెన్స్ కప్పు కొట్టి, ఆదివారం సాయంత్రం టీవీలో తమ పేరు చూసి ఎగిరి గంతేస్తే, వాళ్లని పెరట్లోకి తోలతారా? దాదాపు సగం ఆటలు ఓడిన టెక్సాస్ లాంటి జట్లకి చోటు సర్దడం కోసం? దీన్ని అవకాశం అనడానికి నోరెలా వచ్చిందయ్యా మీకు? డేటన్‌లో గెలిస్తే వాళ్ల కాన్ఫరెన్సుకి నాలుగు డబ్బులొస్తాయిగా అంటారు. 2011లో వీసీయూ అనే జట్టు అక్కడ్నుంచే ఫైనల్ ఫోర్‌కి, అంటే చివరి నాలుగు జట్లలోకి, నడిచిందిగా అంటారు. నడిచింది, కాదనను. కానీ వీసీయూ ఆ ఏడాది కాన్ఫరెన్స్ కప్పు కొట్టలేదు. కప్పు కొట్టినవాడు మళ్లీ ఎందుకు నిరూపించుకోవాలి? 2016లో టీవీ ఒప్పందాన్ని 880 కోట్ల డాలర్లకి 2032 దాకా పొడిగించుకున్నారు. ఆ సొమ్ముతో కడుపు నిండనివాళ్లు పిల్లల విస్తరి లాక్కుని, పైగా అది పిల్లల కోసమే అంటున్నారు!

అభిమానుల సంగతీ చెప్పాలి. మా ఆఫీసులో జట్లు పెంచొద్దని అందరికంటే గట్టిగా అరిచేది ఒక తమ్ముడు. ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీ మీద వల్లమాలిన ప్రేమ. 'టోర్నీ పవిత్రత' అన్న మాట రోజుకు మూడుసార్లు వాడతాడు. నిన్న రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. వాళ్ల జట్టు వరసగా అయిదోది ఓడిందట.

"అన్నా, ఒకవేళ 76 చేస్తే మాకూ ఛాన్సుంటుంది కదన్నా?"

"ఉంటుంది తమ్ముడూ. మంగళవారం, డేటన్‌లో. గీత పక్కన."